ఫ్రీ అనే మాటకు మన తీరంలో ఉన్న చరిత్ర



హాస్టళ్లలో, కాలేజీల్లో చదువుతున్న మన పిల్లల మధ్య ఈ మధ్య ఒక వాదన నడుస్తా ఉంది. వాట్సాప్, మెయిల్, ఫొటోలు దాచుకునే క్లౌడ్, కొత్తగా వచ్చిన ఏఐ యాప్‌లు, అన్నీ ఇప్పుడు ఫ్రీ. రేపు ఇవన్నీ నెలకింత కట్టమంటే కడతామా? సగం మంది "ఛస్తే కట్టం" అంటారు. మిగతా సగం "మనోళ్లు యాడ కడతారులే, రీచార్జికే దిక్కు లేదు" అంటారు.

మేము చెప్పదలచుకున్నది ఈ రెండూ కాదు. ఈ ప్రశ్న యానాదులకు కొత్తది కాదు. ఫ్రీగా ఇస్తున్నాం అని చెప్పిన ప్రతిదానికీ మన తాతముత్తాతలు ఏదో ఒక రూపంలో కట్టినారు. కాకపోతే లెక్క పుస్తకం ఎప్పుడూ అవతలివాడి చేతిలోనే ఉండింది. పోస్టు పొడుగే. రాత్రిపూట రోజు డేటా మిగిలి ఉంటే చదవండి.

శ్రీహరికోట నుంచి మొదలుపెడదాం. ఇప్పుడది తిరుపతి జిల్లా లెక్కలోకి పోయింది గానీ 2022 దాకా నెల్లూరు జిల్లానే. 1835లో ఆ దీవిని మద్రాసు ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. కారణం చాలా చిన్నది: మద్రాసు పట్నానికి వంటచెరకు కావాలి. దీవి నిండా అడవి, పక్కనే పులికాట్, పడవ మీద కట్టెలు వేస్తే పట్నం చేరతాయి. ఆ అడవిలో అప్పటికే ఎవరున్నారు? మన యానాదులే. వాళ్లను ఏం చేయాలి అన్న ప్రశ్నకు సర్కారు కనిపెట్టిన జవాబు, అడవిలో దొరికే తేనె, వేళ్లు, కాయలు తెచ్చి సర్కారుకు ఇవ్వండి, మేము గింజలు ఇస్తాం అని. అప్పటి దొరల రాతల్లో ఇది దయగా కనిపిస్తుంది. ఆకలితో ఉన్న అడవి మనుషులకు ప్రభుత్వం బువ్వ పెడుతున్నట్టు రాసుకున్నారు. తేనె తీసినవాడికి మాత్రం ఆ తేనె పట్నంలో ఎంత పలికిందో తెలిసే దారి లేదు. ధర కట్టేవాడు, కొలిచేవాడు, పుస్తకంలో రాసేవాడు ఒక్కడే.

సర్కారు పోయినా ఈ పద్ధతి పోలేదు. మన తీరంలో దానికి ఇంకో పేరు ఉంది, అడ్వాన్సు. మైపాడు, జువ్వలదిన్నె, ఇసకపల్లి, తూపిలిపాలెం, ఎక్కడికైనా పొయ్యి పెద్దోళ్లను అడగండి, చెబుతారు. వల కొనుక్కోవడానికో, పెళ్లికో, ఆసుపత్రికో చేపల వ్యాపారి డబ్బు ఇస్తాడు. వడ్డీ అడగడు. "ఊరికే ఇచ్చాడయ్యా, మంచోడు" అంటారు. ఒకటే షరతు: పట్టిన ఎండ్రకాయలు, రొయ్యలు ఆయనకే వేయాలి. కాటా ఆయనది, ధర ఆయనది. పక్క ఊళ్లో కేజీకి ఇంకో యాభై ఎక్కువ ఇస్తున్నా అటు పోకూడదు. వడ్డీ కడుతున్నది ఎవరికీ కనిపించదు, ఎందుకంటే అది ధరలోనే కోసేస్తారు. అసలు అట్నే ఉంటుంది, తీరదు. తీరితే వ్యాపారికే నష్టం, ఎందుకంటే ఆయనకు కావాల్సింది వడ్డీ కాదు, మన చేతికి దొరికిన సరుకు వేరేవాడికి పోకుండా ఉండడం.

ఈ అడ్వాన్సు సంగతి అర్థమైనవాళ్లకు ఫ్రీ యాప్ సంగతి వేరే చెప్పే పని లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, అది కొంచెం చేదు. బ్రిటిష్ వాళ్ల క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. పేర్లు రిజిస్టరులో ఎక్కించడం, వేలిముద్రలు తీసుకోవడం ఆ చట్టంలోనే ఉంది. మన ఎరుకల బంధువులను, మన యానాదుల్లో కొన్ని గుంపులను ఆ పట్టీలో చేర్చినారు. కావలి, కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంట్ల పేర్లు ఇప్పటికీ మన ముసలోళ్ల నోట వస్తాయి. నెల్లూరు వాడైన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల తరఫున ఏళ్ల తరబడి పనిచేసి, 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం కూడా రాసినారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న. ఇప్పుడు మనం దేనికైనా వేలిముద్ర వేసేటప్పుడు ఇదంతా ఎవరికీ గుర్తు రాదు. రావాల్సిన పని కూడా లేదేమో. కానీ "నా డేటా తీసుకుంటే నాకేం పోతుంది, నా దగ్గర ఏముందని" అని మన పిల్లలు అన్నప్పుడు మాత్రం మాకు ఆ రిజిస్టర్లు గుర్తొస్తాయి. ఏమీ లేనోళ్ల వివరాలే అప్పుడు అందరికంటే ముందు రాసుకున్నారు.

మళ్లీ శ్రీహరికోటకు వద్దాం. 1969లో రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని ఎంచుకున్నారు. దాదాపు 43 వేల ఎకరాలు. మన గూడేలు కదిలినాయి. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో అక్కడ పని మొదలైంది. 1980 జులై 18న ఎస్ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దేశానికి గొప్ప రోజు, అందులో మాకు అనుమానం లేదు. 2009 సెప్టెంబర్‌లో అక్కడి నుంచే ఓషన్‌శాట్-2 పోయింది. సముద్రం నీటి రంగును చూసే ఉపగ్రహం అది. అట్టాంటి ఉపగ్రహాలు పంపే సమాచారంతో హైదరాబాదులో 1999లో పెట్టిన ఇన్‌కాయిస్ సంస్థ చేపలు యాడ గుంపు కట్టే అవకాశం ఉందో లెక్కగట్టి మత్స్యకారులకు చెబుతుంది. నీటి వేడి, నీటిలో పచ్చదనం చూసి చెబుతారు. ఈ సమాచారానికి ఒక్క పైసా తీసుకోరు.

ఇది నిజంగా మంచి ఫ్రీ సేవ. ప్రకటనలు లేవు, పట్టిన చేప మాకే వేయమని అడగరు. దేశంలో పన్ను కట్టే ప్రతివాడూ, అంటే అగ్గిపెట్టె కొన్న మన అవ్వ కూడా, దాని ఖర్చు భరించింది. అయినా ఒక మాట అనాల్సి ఉంది. ఆ సమాచారం ఇంజను పడవ ఉన్నవాడికి పనికొస్తుంది, డీజిల్ పోసుకుని లోపలికి పోగలిగినవాడికి. కాలువల్లో, పులికాట్ లోతు లేని నీళ్లలో చేత్తో ఎండ్రకాయలు తడిమి పట్టే మనోళ్లకు, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే మనోళ్లకు దానితో పనేముంది? దీవి పోగొట్టుకున్నది ఒకరు, ఆ దీవి నుంచి వచ్చిన ఫ్రీ సేవ అందుకున్నది ఇంకొకరు. ఫ్రీ సేవకు ఎవరు కట్టారు, ఎవరు వాడుకున్నారు అనేవి రెండు వేరే ప్రశ్నలు.

ఇక ఇంటర్నెట్ కాలానికి వస్తే, మన ప్రాంతం మీదనే ఒక పెద్ద పరీక్ష జరిగింది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అనేది తెచ్చాయి. మొదట దొరికిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు ఉన్నాయి. తర్వాత దాని పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. ఆ సిమ్ ఉంటే డేటా ప్యాక్ లేకపోయినా కొన్ని ఎంపిక చేసిన సైట్లు తెరుచుకుంటాయి. మిగతా ఇంటర్నెట్ కావాలంటే డబ్బులు కట్టాలి. ఏ సైట్లు ఆ పట్టీలోకి రావాలన్నది కంపెనీ పెట్టిన షరతులను బట్టి ఉంటుంది.

దేశమంతా గొడవైంది. 2015 ఏప్రిల్‌లో ట్రాయ్‌కు పది లక్షలకు పైగా మెయిళ్లు పోయినాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక్కో సైటుకు ఒక్కో రేటు పెట్టకూడదని నిబంధన తెచ్చింది, ఆ వారంలోనే ఫ్రీ బేసిక్స్ మూతపడింది. అప్పట్లో కొందరు, "పేదోళ్లకు మొత్తం ఇంటర్నెట్ ఇవ్వలేనప్పుడు కొంచెం ఇస్తే తప్పేంది" అన్నారు. ఆ వాదనను మేము తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆ రోజుల్లో ఒక జీబీ డేటా సుమారు 250 రూపాయలు. దినకూలి అంత. ఆకలిగా ఉన్నోడికి అరకూడు కూడా కూడే. కానీ అడ్వాన్సు తీసుకున్న ఇంట్లో పుట్టినోళ్లకు ఆ షరతు ఎట్టాంటిదో తెలుసు. ఊరికే ఇస్తా, కాటా మాత్రం నాదే.

తర్వాత ఏడు నెలలకే ఇంకోటి జరిగింది. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. మొత్తం ఇంటర్నెట్టే ఫ్రీ, మాటలు ఫ్రీ, ముందు డిసెంబర్ దాకా, తర్వాత 2017 మార్చి 31 దాకా. అప్పుడు అందరూ అనుకున్న మాట, ఫ్రీ అయిపోతే జనం సిమ్ పారేస్తారు అని. పారేయలేదు. 99 రూపాయల సభ్యత్వం పెడితే మార్చి ఆఖరుకు 7 కోట్ల 20 లక్షల మంది కట్టినారు. నెలకు 303 ప్లాను కూడా వేయించుకున్నారు. జనం కడతారా అన్న ప్రశ్నకు అంత పెద్ద జవాబు ఈ దేశంలో మళ్లీ రాలేదు. ఆరు నెలల్లో అలవాటు పడింది, ధర చేతికి అందింది, కట్టేశారు. ఆ తర్వాతి సంగతి కూడా చెప్పాలి. పోటీలో చిన్న కంపెనీలు మూతపడినాయి, మిగిలింది ముగ్గురు నలుగురు. 2024 జులైలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 239 ప్లాను 299 అయింది. ఒకేసారి అరవై రూపాయలు. ఎవరమూ సిమ్ పారేయలేదు, ఎందుకంటే బ్యాంకు, రేషను, ఆధార్, పిల్లల హాస్టల్ అన్నీ ఆ నంబరుకే కట్టేసి ఉన్నాయి.

ఇదే కాలంలో మన రాష్ట్రంలో ఇంకో దారి కూడా పరీక్షించారు. 2017 డిసెంబర్ 27న ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ. ఫ్రీ అనలేదు, 149 అన్నారు. మాకు ఈ పద్ధతి నచ్చుతుంది. ధర ముందే పైన రాసి ఉంది, దాచిపెట్టింది లేదు. నచ్చనిది ఏందంటే, ఇంటికి పట్టా, కరెంటు మీటరు లేని మన సంగాల దాకా ఆ వైరు రావాలంటే ముందు స్తంభం రావాలి. కట్టడానికి సిద్ధంగా ఉన్నా అమ్మేవాడు రాని చోట, "మనోళ్లు కట్టరు" అని తేల్చేయడం తప్పు.

వాట్సాప్ చరిత్ర చాలామందికి తెలియదు. మొదట్లో అది ఏడాదికి దాదాపు ఒక డాలరు అడిగేది. ప్రకటనలు పెట్టం, అందుకే డబ్బు తీసుకుంటున్నాం అని చెప్పుకునేవాళ్లు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది, 2016 జనవరిలో ఆ డాలరు కూడా ఎత్తేశారు. మనం కట్టే అరవై డెబ్బై రూపాయలు వద్దన్నవాళ్లు దానధర్మానికి వద్దనలేదు. 2021లో వాట్సాప్ కొత్త షరతులు పెట్టి, ఒప్పుకోవాల్సిందే అన్న తీరు మీద 2024 నవంబర్‌లో మన కాంపిటీషన్ కమిషన్ మెటాకు 213 కోట్ల జరిమానా వేసింది. అయినా 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోనే పెట్టింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గుతుంది, మంచిదే. కానీ మన సర్టిఫికెట్టుకు, మనకు మధ్య ఇప్పుడు ఒక విదేశీ కంపెనీ తలుపు ఉంది. ఆ తలుపు ఫ్రీ. ఎప్పటిదాకా అన్నది మన చేతిలో లేదు.

క్లౌడ్ సంగతి ఇంకా స్పష్టం. పేరు చూసి అది ఆకాశంలో ఉందనుకుంటారు. అది నేల మీద కట్టిన పెద్ద షెడ్డు, లోపల కంప్యూటర్లు, బయట కరెంటు లైన్లు, చల్లబరచడానికి నీళ్లు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాదులో అట్టాంటి కేంద్రాలు తెరిచింది. గూగుల్ 2025 అక్టోబర్‌లో విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. అంత ఖర్చు పెట్టినవాడు ఊరికే ఎందుకు దాస్తాడు మన ఫొటోలు? 2015లో గూగుల్ ఫొటోస్ వచ్చినప్పుడు ఎన్ని ఫొటోలైనా ఫ్రీ అన్నారు. 2021 జూన్ 1 నుంచి ఆపేశారు. ఫొటోలు, మెయిల్, ఫైళ్లు అన్నీ కలిపి 15 జీబీ. ఆరేళ్ల ఫొటోలు అక్కడ చేరిన తర్వాత వేరే చోటికి మార్చుకోవడం ఎవరికి వీలవుతుంది? తీరని అసలు లాంటిదే అది కూడా.

ఇప్పుడు ఏఐ వంతు. 2025 జులైలో ఎయిర్‌టెల్ వాళ్లు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఫ్రీ అన్నారు. అక్టోబర్ ఆఖర్లో జియో వాళ్లు జెమినీ ప్రో 18 నెలలు ఫ్రీ అన్నారు, అదీ ముందు 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు, అంటే సరిగ్గా మన గ్రూపు వయసుకు. నవంబర్ 4 నుంచి చాట్‌జీపీటీ గో ఏడాది ఫ్రీ అన్నారు. అప్పుడు దాని ధర నెలకు 399. వాడుకోండి, వద్దనం. డీఎస్సీకి, గ్రూప్స్‌కు చదివేవాళ్లకు కోచింగు సెంటరు ఫీజు మిగిలితే మంచిదే. గడువు తేదీ మాత్రం ఫోనులో రాసిపెట్టుకోండి, కార్డు వివరాలు ఇచ్చినోళ్లు మరీ ముఖ్యంగా.

అన్ని ఫ్రీలూ ఒకటే అని మేము అనడం లేదు. డిజీలాకర్ 2015 నుంచి ఫ్రీ, అది ప్రభుత్వ ఖర్చు. యూపీఐ మీద 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర చార్జీ లేదు, 2024-25కు బ్యాంకులకు ఇవ్వడానికి కేంద్రం 1,500 కోట్లు కేటాయించింది. రోడ్డు పక్కన ఎండ్రకాయలు అమ్మే మన అక్క క్యూఆర్ కోడు పెట్టుకుందంటే దాని వెనక పన్ను డబ్బు ఉంది. ఇట్టాంటి వాటి మీద ప్రశ్న అడగొచ్చు, ఓటు అడగడానికి వచ్చినవాడిని నిలదీయొచ్చు. అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారిని అట్టా అడగలేం. కట్టే రూపం మూడు రకాలు: పన్నుగా, రూపాయిగా, లేకపోతే మన గురించిన సమాచారంగా. మూడోదాంట్లోనే లెక్క మనకు చూపించరు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి అడిగే హక్కు కాగితం మీద ఉంది, అడిగేవాళ్లు మనలో ఇంకా లేరు.

మన దగ్గర ఉన్న సమాచారం విలువ లేనిది అనుకోవద్దు. మన పెద్దమ్మలు చెప్పే పాము కాటు ఆకులు, పసరు మందులు, ఏ నెలలో ఏ కాలువలో ఏం దొరుకుతుందో, ఇవన్నీ మన గ్రూపు రికార్డు చేస్తా వస్తోంది. కేరళలో కాణి గిరిజనులు ఆరోగ్యపచ్చ అనే మొక్కను చూపిస్తే, తిరువనంతపురం పరిశోధనా సంస్థ దానితో జీవని అనే మందు తయారుచేసి, 1990లలో లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణీలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ డబ్బు పంపకంలో తర్వాత తగాదాలూ వచ్చినాయి. అయినా ఎవరి మాటకు ఎంత అని కాగితం మీద రాసుకున్నారు కదా, మనకు ఇప్పటిదాకా అట్టా ఎవరూ రాయలేదు.

మన రికార్డులన్నీ ఇప్పుడు ఒక ఫ్రీ ఖాతాలో ఉన్నాయి, అది నిండబోతోంది. ఖాతా ఒక సీనియర్ అన్న నంబరు మీద ఉంది. ఇక్కడ రెండు చిక్కులు. మూడు నెలలు వాడకపోతే సిమ్ నంబరు తీసేసి ఇంకొకరికి ఇచ్చే వీలుంది. ఇటుక బట్టీలకో, దూరపు గుంటల మీద కాపలాకో పోయి రీచార్జి వేయని మనోళ్లకు ఇది మామూలే. రెండు, రెండేళ్లు తెరవని ఖాతాలను తీసేయొచ్చని గూగుల్ లాంటి కంపెనీలే నియమం పెట్టుకున్నాయి. అంటే ఫ్రీ ఖాతాకు తాళంచెవి మనం కట్టే రీచార్జి.

100 జీబీకి ఏడాదికి 1,300 రూపాయల వరకు అవుతుంది. వందమంది వేసుకుంటే మనిషికి 13 రూపాయలు. మా లెక్క ప్రకారం కట్టొచ్చు, కానీ కట్టేది జాగాకు మాత్రమే, నమ్మకానికి కాదు. కాబట్టి ఇంకో కాపీ మన సొంత హార్డ్ డిస్కులో ఉండాలి, అది ఒకసారి కొంటే సరిపోతుంది. వచ్చే నెల మీటింగులో తేల్చాల్సినవి: ఖాతా ఏ నంబరు మీద, ఆ నంబరు రీచార్జి ఎవరిది, డిస్కు నెల్లూరు హాస్టల్లోనా లేక ఊళ్లో ఎవరింట్లోనా, మందుల రికార్డింగులు బయటివాళ్లు అడిగితే ఎవరిని అడిగి ఇవ్వాలి. మీటింగుకు ముందే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఎవరైనా సరే ముసలోళ్ల గొంతులున్న ఆడియో ఫైళ్లు దింపి పెట్టండి. పండగ వీడియోలు తర్వాత చూసుకోవచ్చు.